జేబుకత్తి పుట్టిల్లు ఇబాఖ్

స్విట్జర్లాండ్ వెళ్లొచ్చిన మనవాళ్ల సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన తప్పకుండా కనిపించే వస్తువు ఒకటుంది. ఎర్రటి పిడి, దాని మీద తెల్లటి శిలువ, లోపలికి మడిచిన బుల్లి కత్తి. బావమరిదికి ఒకటి, ఆఫీసులో పై అధికారికి ఒకటి, పెద్దబ్బాయికి ఒకటి. లూసర్న్ సరస్సు ఒడ్డున దుకాణాల్లో వాటిని కొంటారు, టిట్లిస్ కొండ మీద మంచులో ఫొటోలు దిగుతారు, తిరిగొచ్చేస్తారు. ఆ కత్తి తయారయ్యే ఊరు అక్కడికి ముప్పావు గంట రైలు దూరమే. మన టూరు ప్యాకేజీల్లో మాత్రం దాని పేరు అరుదు. ఆ ఊరే ఇబాఖ్.

లూసర్న్‌లో రైలెక్కి ష్విట్జ్ స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ ఉన్నది సేవెన్ అనే పక్క పల్లెలో. అక్కణ్నుంచి బస్సులో ష్విట్జ్ పట్నం మీదుగా వెళ్తే ఇబాఖ్ వస్తుంది. పేరుకు వేరే ఊరు, పాలన అంతా ష్విట్జ్ మునిసిపాలిటీదే. వెనకాల మీతెన్ జంట శిఖరాలు నిటారుగా నిలబడి ఉంటాయి. పెద్దదాని ఎత్తు 1,898 మీటర్లు. ఊరిని ఒరుసుకుంటూ పారే ముఓటా నది కాస్త దిగువన, బ్రున్నెన్ దగ్గర సరస్సులో కలుస్తుంది. స్విట్జర్లాండ్ దేశానికి పేరొచ్చింది ఈ ష్విట్జ్ నుంచే. స్విస్ ప్రజలు తమ దేశం పుట్టిందని చెప్పుకునే 1291 నాటి ఒడంబడిక పత్రం ఈ పట్నంలోని మ్యూజియంలోనే ఉంది.

ఇంత ఘనత ఉన్న ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పని దొరికేది కాదు. కొండవాలు పొలాల మీద ఒక కుటుంబం బతకడమే కష్టం. అన్నదమ్ములు పంచుకుంటే ఇద్దరికీ చాలదు. అందుకే కుర్రాళ్లు ఓడలెక్కి అమెరికా దారి పట్టేవారు. వలసంటే ఏమిటో పాలమూరు, శ్రీకాకుళం జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో, 1884లో, కార్ల్ ఎల్సెనర్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు ఇబాఖ్‌లో కత్తుల కార్ఖానా పెట్టాడు. ప్యారిస్‌లోనూ, జర్మనీలోని టుట్లింగెన్‌లోనూ పని నేర్చుకుని వచ్చినవాడు. వంటింటి కత్తులు, మంగలి కత్తులు, డాక్టర్ల పరికరాలు చేసేవాడు. ఊళ్లో నలుగురికి పని కల్పించాలి, వలస పోయేవాళ్లను ఆపాలి అన్నది అతని పట్టుదల. ఆ కుటుంబం నాలుగు తరాలుగా చెప్పుకుంటున్న మాట ఇది. తర్వాత నూట నలభై ఏళ్లలో వాళ్లు చేసిన పనులు చూస్తే నమ్మాలనిపిస్తుంది.

సిపాయి జేబులోకి

స్విస్ సైన్యం 1889లో ష్మిట్-రూబిన్ అనే కొత్త తుపాకీకి మారింది. దాన్ని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. అప్పటికే సిపాయిల తిండి రేకు డబ్బాల్లో రావడం మొదలైంది. డబ్బా కోయడానికి మరొకటి కావాలి. ఇన్నిటిని విడివిడిగా మోయించే బదులు అన్నీ ఒకే పిడిలో మడిచి ఇద్దామని సైన్యం అనుకుంది. బ్లేడు, రంధ్రం పొడిచే ఆరె, డబ్బా కోసే కొక్కెం, స్క్రూడ్రైవర్. నాలుగే పనిముట్లు, నల్లటి కర్ర పిడి. మొదటి 15,000 కత్తులు చేసిచ్చే స్తోమత స్విట్జర్లాండ్‌లో ఎవరికీ లేకపోవడంతో ఆ ఆర్డరు జర్మనీలోని జోలింగెన్‌కు పోయింది.

మన సిపాయి జేబులో పరాయి దేశపు కత్తేమిటని ఎల్సెనర్‌కు మనసు ఒప్పలేదు. తోటి కత్తుల పనివాళ్లను కూడగట్టి సంఘం పెట్టాడు. 1891లో తొలి విడత కత్తులు సైన్యానికి అందించాడు. కానీ జోలింగెన్‌లో యంత్రాల మీద చవగ్గా తయారయ్యే సరుకుతో ధరలో పోటీ పడడం సాధ్యం కాలేదు. సంఘంలోని మిగతావాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఎల్సెనర్ అప్పుల పాలయ్యాడు. బంధువులు ఆదుకోకపోతే కార్ఖానాకు తాళం పడేదే.

అతన్ని గట్టెక్కించింది మరో కత్తి. సిపాయి కత్తి గట్టిదే, బరువూ ఎక్కువే. అధికారులకు తేలిగ్గా, అందంగా ఉండేది కావాలి. 1897 జూన్ 12న ఎల్సెనర్ తన ఆఫీసరు కత్తిని రిజిస్టరు చేయించాడు. సైన్యం దాన్ని ఎవరికీ పంచలేదు, అధికారులే సొంత డబ్బుతో కొనుక్కున్నారు. ఈనాడు ప్రపంచమంతా స్విస్ ఆర్మీ నైఫ్ అంటున్నది ఈ రెండో కత్తి సంతానాన్నే.

ఆ నమూనాలో గొప్పతనం ఎక్కడుందో ఒకసారి విప్పి చూస్తే తెలుస్తుంది. మడత కత్తిలో ప్రతి పనిముట్టునూ వీపు వైపు నుంచి ఒక స్టీలు స్ప్రింగు అదిమిపట్టి ఉంచుతుంది. తెరిచినప్పుడు టక్కున నిలబడేది, మూసినప్పుడు టక్కున కూర్చునేది దాని బలంతోనే. స్ప్రింగులు పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది. ఎల్సెనర్ ఒక్కో స్ప్రింగుకు మూడు పనులు అప్పగించాడు. ముందు వైపు రెండు చివర్లలో రెండు, వెనక వైపు నడుమ ఒకటి. అలా రెండు స్ప్రింగుల మీద ఆరు పనిముట్లు నిలిచాయి. పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, వాటి వీపున బిరడా లాగే మెలి. పక్క వరసలో డబ్బా కొక్కెం, స్క్రూడ్రైవర్, వీపున ఆరె. ఇవాళ దుకాణంలో దొరికే ‘స్పార్టన్’ మోడలు తెరవండి. అమరిక అదే. పొడవు 91 మిల్లీమీటర్లు, బరువు 60 గ్రాముల లోపు. రోజూ జేబులో ఉండాల్సిన వస్తువుకు పనితనమంటే నా దృష్టిలో ఇదే. ఎన్ని పనిముట్లు ఎక్కించామన్నది కాదు, ఎంత తక్కువ లోహంతో ఎక్కించామన్నది లెక్క.

1909లో ఎల్సెనర్ తల్లి విక్టోరియా కన్నుమూసింది. కార్ఖానాకు ఆమె పేరు పెట్టుకున్నాడు. శిలువ గుర్తు కూడా ఆ ఏడాదే వచ్చింది. 1921లో తుప్పు పట్టని ఉక్కు వాడకం మొదలైంది. దాన్ని ఫ్రెంచి వాడుకలో ఇనాక్స్ అంటారు. ఆ రెండూ కలిసి విక్టొరినాక్స్ అయింది.

ఆరని కొలిమి

ఉక్కు మాట వచ్చింది కాబట్టి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు ఇక్కడ చెప్పాలి. డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కు ఆ ఊరి మూసల్లో కరిగింది. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి దగ్గరుండి చేయించుకుని కొనుక్కుపోయేవారు. ఆ కొలిములు ఏనాడో చల్లారాయి. ఇప్పుడు చరిత్ర తవ్వేవాళ్లకు చిట్టెం కుప్పలు కనిపిస్తాయి. ఇబాఖ్ కొలిమి మాత్రం ఆరలేదు. ఇందులో అదృష్టం పాలు కొంత, సైన్యం ఆర్డర్ల పాలు కొంత ఉన్నాయి. అంతకన్నా పెద్ద కారణం, ఆ కుటుంబం ఎప్పటికప్పుడు కొత్త పనితనాన్ని ఊళ్లోకి తెచ్చుకోవడం.

1931లో బ్రౌన్ బొవేరి అనే స్విస్ కంపెనీ సాయంతో ఇబాఖ్‌లో పూర్తిగా కరెంటుతో నడిచే పాయనం కొలిమి పెట్టారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. కత్తికి పాయనం పెట్టడమంటే మన కమ్మరికి కంటి అంచనా, చేతి ఒడుపు. ఎరుపు ఏ వన్నెకు వచ్చినప్పుడు నీళ్లలో ముంచాలో ఆయనకే తెలుసు. కరెంటు కొలిమిలో వేడి ఎప్పుడూ ఒకే డిగ్రీ మీద ఉంటుంది. దాంతో మొదటి కత్తికీ లక్షో కత్తికీ నాణ్యతలో తేడా పోయింది.

ఒకే కత్తిలోని భాగాలన్నిటికీ ఒకే గట్టిదనం ఉండదు. రాక్‌వెల్ కొలమానంలో బ్లేడు 56 దగ్గర ఉంటుంది. రంపం, కత్తెర, ఆకురాయి 53. స్క్రూడ్రైవర్, డబ్బా కొక్కెం, ఆరె 52. స్ప్రింగులు, బిరడా మెలి 49. గట్టిదనం పెరిగేకొద్దీ పదును నిలుస్తుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. స్క్రూడ్రైవర్‌ను మెలితిప్పుతాం, అది విరక్కూడదు. స్ప్రింగు వేలసార్లు వంగి లేవాలి, చిట్లకూడదు. కొందరు కత్తుల ప్రియులకు 56 మెత్తన అనిపిస్తుంది. 60 దాటిన ఖరీదైన ఉక్కు కావాలంటారు. రోజువారీ వాడకానికి నేను ఇబాఖ్ లెక్కనే ఒప్పుకుంటాను. ఈ ఉక్కు మొద్దుబారితే ఇంట్లో మామూలు సానరాయి మీద అయిదు నిమిషాల్లో పదునెక్కుతుంది. సానరాయికి బ్లేడును పదిహేను, ఇరవై డిగ్రీల వాలులో పట్టి, రెండు వైపులా సమంగా నూరితే చాలు. వీధిలో చక్రం తిప్పుతూ సానపట్టేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచేంత వేడికి ఇంత పలచని బ్లేడు పాయనం దిగిపోతుంది.

పొరలన్నిటినీ పలచని రేకుల మధ్య పేర్చి, ఇత్తడి చీలలతో బిగిస్తారు. ఎర్ర పిడి ముక్కలను చివర్లో చీలల తలల మీద అదిమి కూర్చోబెడతారు. బయటికి ఒక్క మర కూడా కనిపించదు. ఆ పిడిలోనే రెండు సన్నటి గాడులు. ఒకదాంట్లో పళ్లపుల్ల, రెండోదాంట్లో ముల్లు లాగే పట్టకారు. అరికాల్లో విరిగిన తుమ్మముల్లును గోరుతో గిల్లి గిల్లి విసిగినవాళ్లకు ఆ పట్టకారు విలువ తెలుస్తుంది.

ఈ కూర్పు స్వయంగా చూడాలనుకుంటే ఇబాఖ్ పక్కనే బ్రున్నెన్‌లో కంపెనీ మ్యూజియం ఉంది. ముందుగా చెప్పి వెళ్తే మీ కత్తిని మీరే పేర్చి బిగించుకోవచ్చు. సెప్టెంబరు ఎండలో సరస్సు ఒడ్డున కూర్చోవడానికి కూడా ఆ ఊరు చాలా బాగుంటుంది. ఎదుటి గట్టునే రూట్లి మైదానం. స్విస్ పూర్వీకులు ఏకమవుతామని ప్రమాణం చేసిన చోటు అదేనని అక్కడివాళ్ల నమ్మకం.

2001 తర్వాత

ఎయిర్‌పోర్టు దుకాణాల్లో, విమానాల్లో అమ్మే కత్తులకు అప్పట్లో ఈ కంపెనీ రాబడిలో పెద్ద వాటా ఉండేది. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాల దాడులు జరిగాయి. రాత్రికి రాత్రి ప్రపంచమంతా విమానాల్లోకి కత్తులు నిషేధించారు. జేబు కత్తుల అమ్మకాలు దాదాపు మూడో వంతు పడిపోయాయి. ఇలాంటప్పుడు ఏ కంపెనీ అయినా ముందు చేసేది మనుషుల్ని తీసేయడమే. ఇబాఖ్‌లో ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. కొత్తవాళ్లను తీసుకోవడం ఆపారు. ఓవర్‌టైం మానేశారు. సెలవులు ముందే వాడుకోమన్నారు. అప్పటికీ మిగిలిన పనివాళ్లను చుట్టుపక్కల కంపెనీలకు కొన్నాళ్లు అప్పుగా పంపారు. మంచి రోజుల్లో లాభాలు పంచుకోకుండా దాచిన నిల్వలు ఇలా అక్కరకు వచ్చాయి.

అంతకు ఏడాది ముందే, 2000లో, కుటుంబం ఒక ఫౌండేషన్ పెట్టి కంపెనీ వాటాల్లో 90 శాతం దానికి రాసేసింది. మిగతా పది శాతం దానధర్మాల ట్రస్టుది. రేపు ఏ వారసుడికో డబ్బు అవసరమై కంపెనీని అమ్ముకునే వీలు లేదు. గ్రైండింగ్‌లో రాలే ఉక్కు బురదను వడకట్టి మళ్లీ వాడతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేడితో చలికాలంలో పక్క ఇళ్లను వెచ్చబరుస్తారు. ఇప్పటికి ఇక్కడి నుంచి వెళ్లిన జేబుకత్తులు 50 కోట్లు దాటాయి. సంస్థకు ఇప్పుడు పెద్ద నాలుగో తరం కార్ల్ ఎల్సెనర్. నాలుగు తరాల్లోనూ అదే పేరు.

2008లో సైన్యం కొత్త కత్తికి టెండర్లు పిలిచింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎవరైనా పాల్గొనవచ్చు. స్విస్ సిపాయి కత్తి చైనాలో తయారవుతుందా అని దేశమంతా చర్చ నడిచింది. చివరికి ఇబాఖే గెలిచింది. ఆకుపచ్చ, నలుపు పిడి, 111 మిల్లీమీటర్ల పొడవు, ఒక చేత్తో తెరిచే బ్లేడు, లాక్. బరువు 131 గ్రాములు. దుకాణాల్లో దొరికే ఎర్ర ఆఫీసరు కత్తిని సైన్యం ఏనాడూ సిపాయిలకు పంచలేదన్న సంగతి కొనేవాళ్లలో చాలామందికి తెలియదు.

రెండో స్విస్ కత్తి

ఇబాఖ్ కథలో డెలెమోంట్‌కు ఒక పేరా ఇవ్వకపోతే అన్యాయమవుతుంది. ఫ్రెంచి మాట్లాడే జ్యురా ప్రాంతంలోని పట్నం అది. వెంగర్ కంపెనీ ఊరు. జర్మన్ మాట్లాడేవాళ్లకే సైన్యం ఆర్డరంతా ఇస్తే ఫ్రెంచివాళ్లు నొచ్చుకుంటారని ప్రభుత్వం 1908 నుంచి ఇద్దరికీ పంచింది. వందేళ్ల పాటు ఇద్దరూ ఒకే సైన్యానికి కత్తులు చేశారు. వెంగర్ కత్తెర నాకు చాలా ఇష్టం. దాని అంచు మీద సన్నని గరుకు ఉంటుంది, గుడ్డ జారకుండా పట్టి కోస్తుంది. 2001 దెబ్బకు వెంగర్ తట్టుకోలేకపోయింది. 2005లో విక్టొరినాక్స్ దాన్ని కొనుక్కుంది. 2013లో కత్తుల మీద వెంగర్ పేరు తీసేసింది. డెలెమోంట్‌లో పని మాత్రం ఆపలేదు.

కటింగ్ ప్లేయర్ కోసం

జేబు పనిముట్లలో ఇబాఖ్‌కు అసలైన పోటీ స్విట్జర్లాండ్‌లో పుట్టలేదు. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరం. టిమ్ లెదర్‌మ్యాన్ అనే మెకానికల్ ఇంజనీరు 1975లో భార్యతో కలిసి యూరప్ తిరిగాడు. 300 డాలర్లకు కొన్న పాత ఫియట్ కారు దారి పొడవునా మొరాయించింది. చవక హోటళ్లలో కుళాయిలు కారేవి. అతని దగ్గర ఉన్నది ఒక మడత కత్తి. దానికి కటింగ్ ప్లేయర్ కూడా ఉంటే ఎంత బాగుండేదని దారంతా అనుకున్నాడు. ఇంటికెళ్లి గరాజ్‌లో పని మొదలుపెట్టాడు. 1980లో పేటెంట్ వచ్చింది. కొనేవాడు మాత్రం దొరకలేదు. కత్తుల కంపెనీలకు అది పనిముట్టులా కనిపించింది, పనిముట్ల కంపెనీలకు ఆటవస్తువులా కనిపించింది. చివరికి స్నేహితుడు స్టీవ్ బెర్లినర్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టాడు. 1983లో కబేలాస్ అనే వేట సామాన్ల సంస్థ 500 కావాలని మొదటి ఆర్డరు ఇచ్చింది. అక్కణ్నుంచి వెనుదిరిగి చూసే పని పడలేదు. నేటికీ ఆ కంపెనీ పోర్ట్‌లాండ్‌లోనే ఉంది.

ఈ రెండు ఊళ్ల ఆలోచన వేరు. ఇబాఖ్ వస్తువు మొదట కత్తి, తర్వాత మిగతావి. పోర్ట్‌లాండ్ వస్తువు మొదట కటింగ్ ప్లేయర్, దాని చేతుల్లో కత్తి, రంపం, స్క్రూడ్రైవర్లు దాక్కుని ఉంటాయి. అక్కడ అందరూ కొనే ‘వేవ్’ మోడలు 241 గ్రాములు. అంటే నాలుగు స్పార్టన్‌ల బరువు. దాని బ్లేడు బయటి నుంచే ఒక చేత్తో తెరుచుకుంటుంది, లాక్ పడుతుంది. బిగుసుకున్న నట్టు తిప్పాలన్నా, బైండింగ్ వైరు తెంపాలన్నా ఎర్ర కత్తి దాని ముందు నిలవదు. ఎలక్ట్రీషియన్, కేబుల్ పనివాడు, మోటారు దగ్గర రాత్రుళ్లు కాపలా కాసే రైతు, బైకు మీద దూరాలు తిరిగేవాళ్లు... వీళ్లకు వేవ్ సరైనది. అయితే అది జేబులో ఇమడదు. బెల్టుకు తగిలించుకోవాలి, లేదా బండి డిక్కీలో ఉండాలి. అదే కంపెనీ ‘స్కెలిటూల్’ను 142 గ్రాములకు తగ్గించింది. ప్లేయర్, బ్లేడు, స్క్రూడ్రైవర్ ఉంచి, కత్తెర తీసేసింది. ఇంట్లో రోజుకు రెండుసార్లు అక్కరకొచ్చే కత్తెర లేకుండా ఆ బరువు మోయడం నాకు నచ్చదు. ఇబాఖ్ కూడా ‘స్విస్‌టూల్’ పేరుతో ప్లేయర్ ఉన్నవి చేస్తోంది. తయారీ ఎంత నున్నగా ఉంటుందో చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. కానీ దానిదీ అదే బరువు సమస్య.

మన జేబుకు ఏది

ఇక ఎర్ర కత్తుల్లోనే ఏది కొనాలి? దుకాణంలో అందరి చూపూ లాగేది ‘స్విస్‌చాంప్’. 1985లో వచ్చింది, 33 పనులు చేస్తుంది. న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం సేకరణలో చోటు సంపాదించింది. చేప పొలుసు గీకేదీ ఉంది, భూతద్దమూ ఉంది. బరువు 185 గ్రాములు. ప్యాంటు జేబు సాగిపోతుంది. పిడి లావుగా ఉండడంతో చిన్న బ్లేడుతో కాయ తొక్క తీయాలన్నా చేతికి ఇబ్బందే. కొన్నవాళ్లు నెల తిరక్కుండా బీరువాలో పెట్టేస్తారు. దాని పనితనానికి దండం పెడతాను, రోజూ మోయడానికి మాత్రం వద్దంటాను.

రెండో చివరన ‘క్లాసిక్’. 58 మిల్లీమీటర్లు, 22 గ్రాములు, తాళాల గుత్తిలో తగిలించుకుంటే ఉన్నట్టే తెలియదు. బుల్లి బ్లేడు, కత్తెర, మైనస్ మొనతో గోరు ఆకురాయి. కొరియర్ పార్సిల్ చింపడం, దారం కత్తిరించడం, మందు షీటు కోయడం... పట్నంలో ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి నూటికి ఎనభై పనులు దీంతో అయిపోతాయి. జామకాయ కోయాలంటే బ్లేడు చాలదు. స్టార్ స్క్రూ తిప్పలేదు.

నడిమి సైజు 91 మిల్లీమీటర్లది. పేరున్న స్పార్టన్‌ను ఎంత మెచ్చుకున్నా, మన ఇళ్లలో బిరడా మెలికి ఏడాదికి ఒక్కసారైనా పని పడదు. అదే బరువులో ‘టింకర్’ దొరుకుతుంది. దాంట్లో బిరడా మెలి ఉన్న చోట స్టార్ స్క్రూడ్రైవర్ ఉంది. స్విచ్‌బోర్డు, మిక్సీ అడుగు, పిల్లల బొమ్మ బ్యాటరీ మూత, కుర్చీ కాలు, అన్నీ స్టార్ స్క్రూలే. దానికి ఒక వరస పెంచి కత్తెర, వీపున ఒక కొక్కెం చేర్చితే ‘సూపర్ టింకర్’. ఎనభై గ్రాముల పైచిలుకు. ఆ కొక్కెం దేనికని చాలామంది అడుగుతారు. రైతుబజారు నుంచి బరువైన పాలిథిన్ సంచులు రెండు మోసుకొస్తుంటే పిడులు వేళ్లలో దిగబడతాయి కదా. సంచి పిడిని కొక్కేనికి తగిలించి, కత్తిని పిడికిట్లో పట్టుకోండి. వేళ్లకు నొప్పి తెలియదు. సీసా మూత తీసే పనిముట్టు మొదట్లో చిన్న గంటు ఒకటి ఉంటుంది. వైరును దాంట్లో పెట్టి చుట్టూ తిప్పి లాగితే ప్లాస్టిక్ తొక్క ఊడొస్తుంది.

వర్షాకాలం, చెమట పట్టే ప్రాంతం, పొలం పని... వీటికి ఎర్ర ప్లాస్టిక్ కన్నా అల్యూమినియం పిడి ఉన్న ‘కేడెట్’, ‘పయనీర్’ మేలు. పిడి మీద గళ్ల గరుకు ఉంటుంది, తడి చేతిలోంచి జారదు. కిందపడినా పగలదు. పళ్లపుల్ల, పట్టకారు మాత్రం వాటిలో ఉండవు.

నకిలీల సంగతి కూడా చెప్పాలి. పేవ్‌మెంట్ల మీద రెండొందలకు దొరికే ‘పదకొండు పనుల’ ఎర్ర కత్తులకు ఇబాఖ్‌తో సంబంధం లేదు. అసలుదాన్ని గుర్తుపట్టాలంటే పెద్ద బ్లేడు మొదలు చూడండి. అక్కడ కంపెనీ పేరు, స్విట్జర్లాండ్ తయారీ అన్న ముద్ర ఉంటాయి. బ్లేడు తెరిచి అటూ ఇటూ కదిపితే ఆడకూడదు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే స్ప్రింగుకూ రేకుకూ మధ్య సందు కనిపించకూడదు.

పట్టుకెళ్లేచోటు చూసుకోండి

ఇంటి పనికి, తోట పనికి వాడే ఇంత చిన్న కత్తికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. కానీ హైదరాబాద్ మెట్రో, కోర్టులు, పరీక్షా కేంద్రాల తనిఖీల్లో ఆపుతారు. మన ఎయిర్‌పోర్టుల్లో చేతి సంచిలో ఏ సైజు బ్లేడూ పనికిరాదు. ఇక్కడ మనవాళ్లు దెబ్బతినేది ఒక విషయంలో. యూరప్ దేశాల ఎయిర్‌పోర్టుల్లో 6 సెంటీమీటర్ల లోపు బ్లేడును కేబిన్‌లోకి రానిస్తారు. క్లాసిక్ కత్తి అక్కడ దాటిపోతుంది. దారిలో విమానం మారేచోట, లేదా ఢిల్లీలో దిగి హైదరాబాద్, విజయవాడ విమానం ఎక్కేచోట చెత్తబుట్ట పాలవుతుంది. అమెరికా 2013లో చిన్న బ్లేడ్లను రానిద్దామనుకుని, విమాన సిబ్బంది వద్దనడంతో మానుకుంది. చెక్-ఇన్ బ్యాగులో వేస్తే ఏ గొడవా లేదు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ సరైన కారణం లేకుండా బయట పట్టుకు తిరగగలిగింది, లాక్ లేని, 3 అంగుళాలు మించని మడత కత్తి ఒక్కటే. టింకర్, స్పార్టన్, క్లాసిక్ ఆ కొలతలోనే ఉంటాయి. లాక్ పడే వేవ్ జేబులో ఉంటే కేసు అవుతుంది. ఇలాంటి చట్టాలు చాలా దేశాల్లో బిగుస్తుండడంతో బ్లేడు లేని జేబు పనిముట్ల తయారీ మీద పని చేస్తున్నామని ఇబాఖ్ కంపెనీ 2024లో ప్రకటించింది. సైకిల్ తొక్కేవాళ్లకు, గోల్ఫ్ ఆడేవాళ్లకు అలాంటివి ఉపయోగమే. జేబుకత్తిగా మాత్రం నేను బ్లేడు ఉన్నదాన్నే కోరుకుంటాను. కూరగాయ తరగడం, తాడు కోయడం, కాయ ఒలవడం మనిషి మానుకునే పనులు కావు.

కొనదలచుకుంటే ఒకటే కొనండి, అది సూపర్ టింకర్ అయితే పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోతుంది. పట్నంలో ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్లు క్లాసిక్‌తో సరిపెట్టుకోవచ్చు. యంత్రాల మధ్య పనిచేసేవాళ్లు బరువు మోయక తప్పదు, వేవ్ తీసుకోండి. ఇక్కడ చెప్పిన ఎర్ర కత్తులకు లాక్ ఉండదు కాబట్టి మొనతో పొడిచే పని చేయకండి, బ్లేడు వేలి మీదకు మడతపడుతుంది. మామిడికాయ కోసిన రోజున గోరువెచ్చటి నీళ్లలో అన్నీ తెరిచి మూసి కడిగి, తుడిచి ఆరబెట్టి, కీళ్ల దగ్గర ఒక చుక్క నూనె వేయండి. వంటనూనె వద్దు, అది గడ్డకట్టి జిగురవుతుంది. కుట్టుమిషను నూనె సరిపోతుంది.